చంకలో బిడ్డ, పొయ్యి మీద పాకం



ఏప్రిల్ నెలాఖరుకి మన దగ్గర రెండు పనులు ఒక్కసారే జరుగుతాయి. బడులకు వేసవి సెలవులు ఇస్తారు. ఆవకాయ పెట్టే మామిడికాయ బజారులోకి దిగుతుంది. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకి ఈ రెంటికీ సంబంధం కనిపించదు. ఇంట్లో పచ్చళ్ల వ్యాపారం పెట్టుకున్న తల్లికి మాత్రం ఏడాది మొత్తంలో గడ్డు రోజులంటే ఇవే. సంవత్సరం పొడుగునా అమ్మాల్సిన ఆవకాయ, మాగాయ ఆ నెలా నెలన్నరలోనే జాడీలకెక్కాలి. సరిగ్గా అప్పుడే పిల్లలు పొద్దస్తమానం ఇంట్లో ఉంటారు. ఆగస్టులో అమెరికా చదువులకు వెళ్లే పిల్లల తల్లిదండ్రులు జూన్ నుంచే ఫోన్లు మొదలుపెడతారు, మాకు రెండు కేజీలు పక్కన పెట్టండి అని.

ఈ రోజు నేను మాట్లాడేది అలాంటి తల్లుల గురించి. బిడ్డ ఇంకా పాలు తాగుతుండగానో, నడక నేర్చుకుంటుండగానో, భర్తతో, అత్తగారితో, తోటికోడలితో కలిసి ఇంట్లో ఓ చిన్న వ్యాపారం మొదలుపెట్టేవాళ్ల గురించి. గుంటూరు, తెనాలి, రాజమండ్రి, హైదరాబాదులో కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, ఎటు వెళ్లినా స్వగృహ ఫుడ్స్ బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. ఆ బోర్డుల వెనక ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. మాదీ గోదావరి జిల్లాయే, మా ఇంట్లోనూ ఈ పని ఉంది. కాబట్టి ఇది వంటింటి గుమ్మంలో నిలబడి చెబుతున్న మాట అనుకోండి.

ముందు ఆవకాయ పెట్టే రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. కాయ తెల్లవారుజామునే కొనాలి. చెట్టు నుంచి కోసిన కాయ కావాలి, రాలిన కాయ పనికిరాదు. తెచ్చిన కాయను ఆ రోజే కొట్టించాలి, మర్నాటికి ఉంచితే మెత్తబడుతుంది. కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా ముక్క కొట్టి, లోపలి జీడి తీసి, టెంకకు అంటుకున్న పల్చటి పొర ఊడదీసి, ఒక్కొక్క ముక్కనీ పొడిబట్టతో తుడవాలి. ఆ తర్వాత ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలపడం. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉంటాయి. అప్పుడు లోపలి గదిలో చంటిబిడ్డ నిద్ర లేచి ఏడుస్తుంది.

ఆ చేతులతో బిడ్డను ముట్టుకోవడానికి లేదు. మిరపకాయలో మంట పుట్టించే పదార్థం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఉత్త నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా మంట పోదు. ముందు చేతులకు నూనె రాసుకుని తుడిచి, తర్వాత సబ్బుతో రుద్ది కడగాలి. అంతా చేసినా ఆ చెయ్యి పసిపిల్ల కంటి దగ్గరికి వెళ్తే తల్లి గుండె జారిపోతుంది. పాలిచ్చే తల్లికి ఆ భయం ఇంకా ఎక్కువ. ఇటు కలిపిన ముక్కను సగంలో వదిలేసి పోతే పిండి సమంగా పట్టదు, ఊట సరిగా దిగదు. ఆ అయిదు నిమిషాల్లో తల్లి పడే నలుగుబాటు ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. ఆ రోజు బిడ్డను ఎత్తుకోవడానికి ఇంకో మనిషి ఉండి తీరాలి. ఉంటే బాగుంటుందని కాదు, ఉండాలి. కాయ ఎంత, నూనె ఎంత, కారం ఎంత అని రాసుకునే కాగితం మీదే ఆ మనిషి పేరూ రాయాలి. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. బిడ్డను చూసుకోవడం వ్యాపారానికి పెట్టుబడి. దాన్ని తల్లి ఓపిక ఖాతాలో వేయకూడదు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇంట్లో కూర్చుని చేసే పనిని లెక్కలోకి తీసుకోని అలవాటు మనకు చాలా పాతది. మా పక్కనే నరసాపురం ఉంది. అక్కడి లేసు అల్లిక మీకు తెలుసు. 19వ శతాబ్దంలో వచ్చిన మిషనరీల దగ్గర నేర్చుకున్న పని, ఆ చుట్టుపక్కల ఊళ్లలో తరతరాలుగా ఆడవాళ్ల చేతుల్లో నిలిచింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ ఊళ్లలో ఉండి, ఆ ఆడవాళ్ల మీద 1982లో ఒక పుస్తకం వేసింది. ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్న స్త్రీలను కూడా అందరూ ఇల్లాళ్లనే అనేవారు, తీరిక వేళ ఏదో అల్లుకుంటారులే అనేవారు. ఆ సరుకు విదేశాలకు వెళ్లేది. అమ్మే మగవాళ్లకు వర్తకులన్న పేరు వచ్చింది. అల్లినవాళ్లకు పనివాళ్లన్న పేరు కూడా రాలేదు, కూలి కూడా చాలా తక్కువ.

ఆ పుస్తకం వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది. ఇప్పటికీ స్వగృహ ఫుడ్స్ నడిపే ఇంట్లో చుట్టాలు వచ్చి, కోడలేం చేస్తుందండీ అని అడిగితే, ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటుంది, ఖాళీ టైములో పచ్చళ్లు పెడుతుంది అని చెబుతున్నారు. ఖాళీ టైము ఎక్కడిది? 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఇంటి పని చేసే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. అంటే ఆమెకు సుమారు అయిదు గంటలు, అతనికి గంటన్నర. పిల్లల్ని, పెద్దవాళ్లని చూసుకోవడం అందులో లేదు, అది వేరే లెక్క. వాటి మీద వ్యాపారం వచ్చి పడితే ఆమె నిద్రలోంచే ఆ గంటలు తీయాలి. నిద్ర చాలని తల్లి కాగుతున్న నూనె ముందు నిలబడుతుంది. కుటుంబ వ్యాపారం అని పేరు పెట్టుకున్నప్పుడు కుటుంబంలో అందరి గంటలూ కదలాలి.

ఆడవాళ్ల గంటలను లెక్కగట్టి నడిపిన సంస్థ మన దేశంలోనే ఉంది. 1959 మార్చిలో బొంబాయి గిర్గావ్‌లో ఏడుగురు గుజరాతీ గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడ మీద కూర్చుని అప్పడాలు ఒత్తారు. మొదటి రోజు తయారైంది నాలుగు ప్యాకెట్లు. అదే తర్వాత లిజ్జత్ పాపడ్ అయింది. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ అప్పు సంగతి అందరూ చెప్పుకుంటారు. నాకు ముఖ్యమనిపించేది వాళ్లు పని పంచుకున్న తీరు. పొద్దున్నే కేంద్రంలో పిండి కలుపుతారు. సభ్యులు వచ్చి తమ వంతు పిండి తీసుకుని ఇంటికి వెళ్తారు. ఇంట్లో వాళ్లకు వీలైన వేళల్లో ఒత్తి, ఆరబెట్టి, మర్నాడు తెచ్చి తూకం వేయించుకుని డబ్బు తీసుకుంటారు. పిండి కలపడం, అంటే పాళ్లు తప్పితే చెడిపోయే పని, కేంద్రంలోనే ఉంది. ఒత్తడం, అంటే బిడ్డ ఏడిస్తే లేచి వెళ్లి మళ్లీ వచ్చి కూర్చోగలిగిన పని, ఇంటికి వెళ్లింది.

వ్యాపారం మొదలుపెట్టబోయే ప్రతి తల్లీ ముందు ఈ తేడా చూసుకోవాలని నా నమ్మకం. మనం చేసే పనుల్లో మధ్యలో ఆపగలిగేవి కొన్ని, ఆపలేనివి కొన్ని. వెల్లుల్లి పొట్టు తీయడం, ఎండుమిర్చి తొడిమలు తీయడం, గోంగూర ఆకు దూయడం, తూచి ప్యాకెట్లు కట్టడం, లేబుళ్లు అతికించడం, చిరునామాలు రాయడం, వీటిని ఎప్పుడైనా వదిలి లేవవచ్చు. అరిసెల పాకం పొయ్యి మీద ఉంటే వదలడానికి లేదు. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసి, ఉండ కట్టిందా లేదా అని చూస్తున్నప్పుడు ఒక్క నిమిషం ఆలస్యమైతే పాకం ముదిరిపోతుంది, అరిసె రాయిలా వస్తుంది. అప్పుడు బియ్యప్పిండీ బెల్లమూ రెండూ దండగే. జంతికలు నూనెలో వేశాక కూడా అంతే. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్లను చూడండి. ఒక రేకు తీయడానికి నిమిషం కూడా పట్టదు, ఏ రేకు దగ్గరైనా ఆపవచ్చు. కానీ బోర్లించిన కుండ కింద మంట ఉంటుంది, తప్పటడుగులు వేసే పిల్లవాడు ఇంట్లో ఉంటే ఆ మంట దగ్గర్నుంచి లేచి వెళ్లడం కుదరదు. కాబట్టి ఆగే పనా కాదా అన్నది పనిని బట్టే కాదు, బిడ్డ వయసును బట్టి కూడా ఉంటుంది. ఆరు నెలల బిడ్డ పెట్టిన చోట ఉంటుంది. ఏడాదిన్నర బిడ్డ ఉండదు.

బిడ్డ చిన్నగా ఉన్నప్పుడు పొడులతో మొదలుపెట్టండి. కందిపొడి, కరివేపాకు కారం, నువ్వుల పొడి. వేయించడం ఒక పూట, అదీ ఇంకొకరు బిడ్డ దగ్గర ఉన్న పూట. మిగతా పని బిడ్డ నిద్రపోయినప్పుడు కొంచెం, లేచాక కొంచెం జరిగిపోతుంది. ఆవకాయ, అరిసెలు, ఆర్డర్ల మీద పిండివంటలు బిడ్డ బాలవాడి వయసుకు వచ్చాక పెంచుకోవచ్చు. మూడేళ్లు నిండితే అంగన్‌వాడీ ఉంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు పగలంతా ఉంచుకునేలా, అంగన్‌వాడీకి శిశు సంరక్షణ కేంద్రాన్ని కలిపి కేంద్ర ప్రభుత్వం పాల్నా అనే పథకం పెట్టింది. మీ ఊళ్లో ఉందేమో వెళ్లి అడగండి. లేకపోతే కావాలని అడగండి. పెద్ద సంస్థలో ఉద్యోగం చేసే స్త్రీకి చట్టం 26 వారాల జీతంతో ప్రసూతి సెలవు ఇచ్చింది, 50 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట పిల్లల గది పెట్టమంది. సొంత వ్యాపారం చేసుకునే తల్లికి ఆ చట్టం వర్తించదు. ఆమె సెలవును ఆమె కుటుంబమే ఇవ్వాలి.

ఇంకో సంగతి. పని గది, బిడ్డ గది వేరుగా ఉండాలి. విడిగా గది లేనివాళ్లు కనీసం ఒక తలుపో, అడ్డంగా ఒక చెక్కో పెట్టుకోవాలి. తినే సరుకు అమ్మేవాళ్లు ఎంత చిన్నవాళ్లయినా ఆహార భద్రత శాఖ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి, ఆ నంబరు ప్యాకెట్ మీద వేయాలి, తయారుచేసిన చోటు శుభ్రంగా ఉండాలి. పిల్లవాడి ఉచ్చగుడ్డలూ, పాలసీసాలూ, కారం బేసిన్లూ ఒకే చోట ఉంటే సరుకుకూ మంచిది కాదు, పిల్లవాడికీ మంచిది కాదు. మిరపకాయలు వేయించే ఘాటు పసివాళ్ల గొంతుకు తగిలితే దగ్గు పట్టుకుంటుంది.

ఇప్పుడు ఇంట్లో మనుషుల సంగతి. అత్తగారు ఉన్న ఇంట్లో సాధారణంగా ఏం జరుగుతుందంటే, రుచి అత్తగారిది, చాకిరీ కోడలిది, బిడ్డ ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లది. పెద్దావిడకు అరవై దాటాయి. మోకాళ్ల నొప్పులు. పిల్లవాడి వెనక పరిగెత్తలేదు. ఆవిడను పిల్లవాడి దగ్గర కూర్చోబెట్టి కోడలు పొయ్యి దగ్గర ఉంటే ఇద్దరూ అలిసిపోతారు. ఆవిడ కుర్చీలో కూర్చుని పాకం చూడగలదు, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పగలదు. అలాంటప్పుడు ఆవిడకు పొయ్యి, తల్లికి బిడ్డ, ఇలా ఏర్పాటు చేసుకున్న ఇళ్లు నాకు తెలుసు, అక్కడ గొడవలు తక్కువ. ఆవిడ కష్టానికీ డబ్బు ఇవ్వాలి. ఇంట్లోవాళ్లకు డబ్బేమిటండీ అంటారు. నెలకు ఇంత అని చేతిలో పెట్టి చూడండి, మందులకు కొడుకును అడగనక్కర్లేని పెద్దావిడ ఎంత ధైర్యంగా ఉంటుందో.

భర్తల గురించి. సరుకు తేవడం, బ్యాంకుకు వెళ్లడం, కొరియర్ ఆఫీసులో పార్సిల్ ఇవ్వడం, ఈ పనులు చాలామంది మగవాళ్లు సంతోషంగా చేస్తారు. ఇవన్నీ బయటి పనులు. వ్యాపారానికి అవసరమే, కాదనను. కానీ రాత్రి రెండింటికి బిడ్డ లేస్తే ఎవరు లేవాలి, జ్వరం వస్తే ఆసుపత్రికి ఎవరు తీసుకుపోవాలి, బళ్లో తల్లిదండ్రుల సమావేశానికి ఎవరు వెళ్లాలి, ఇవి కూడా వ్యాపారపు పనులే. ఎందుకంటే ఇవన్నీ ఆమెవే అయితే మర్నాడు పొయ్యి దగ్గర నిలబడేది ఆ నిద్రలేని మనిషే. సీజను రోజుల్లో పిల్లలకు స్నానాలు, అన్నాలు, నిద్ర పుచ్చడం పూర్తిగా తండ్రి చూసుకున్న ఇంట్లో ఆవకాయ ఎలా సాగుతుందో నేను కళ్లారా చూశాను. పిల్లలు తండ్రికి అలవాటు పడతారు. అది లెక్కల పుస్తకంలో రాయలేనంత మంచి లాభం.

సరే, పెద్ద పిల్లల మాట. ఎనిమిదేళ్ల పిల్ల లేబుళ్లు అతికిస్తానంటుంది, పదేళ్ల పిల్లవాడు ఫోనులో ఆర్డర్లు చదివి పెడతానంటాడు. చెయ్యనివ్వండి, వాళ్లకు అదొక సరదా, అమ్మ పని ఏమిటో కూడా తెలుస్తుంది. బాలకార్మిక చట్టం 2016 సవరణలో, ప్రమాదం లేని కుటుంబ వ్యాపారంలో బడి అయ్యాక, సెలవుల్లో పిల్లలు సాయం చేయవచ్చని ఉంది. ఆ రెండు షరతులూ గుర్తుంచుకోండి. బడి మానిపించకూడదు. మరిగే నూనె దగ్గరా, కారం మర దగ్గరా పిల్లలు ఉండకూడదు. సెలవులు అయిపోయాక కూడా రోజూ సాయంత్రం హోంవర్కు పక్కన పెట్టి ప్యాకెట్లు కడుతున్నారంటే అది సాయం హద్దు దాటింది.

పేరు విషయంలో కాస్త కచ్చితంగా ఉండండి. ఉద్యం నమోదుకు రూపాయి ఖర్చు లేదు, ఆధార్, పాన్ ఉంటే చాలు. 50 వేల రూపాయల లోపు శిశు ముద్రా రుణానికి హామీ పెట్టాల్సిన పని లేదు. ఈ కాగితాలన్నీ ఎవరి పేరు మీద ఉన్నాయి? వండేది ఆమె, బోర్డు మీద పేరు ఆమెది, బ్యాంకు ఖాతా మాత్రం ఆయనది అయిన ఇళ్లు ఎన్నో. ఆయన మంచివాడే కావచ్చు. అయినా ఆమె పేరున ఖాతా ఉంటే, ఆమె పేరున రుణం తీసుకుని తీరిస్తే, రెండోసారి పెద్ద రుణం అడిగే అర్హత ఆమెకు వస్తుంది. లేకపోతే పదేళ్లు పచ్చళ్లు పెట్టిన మనిషి కూడా బ్యాంకు లెక్కలో ఏమీ చేయని గృహిణిగానే మిగిలిపోతుంది. నరసాపురం లేసు అల్లినవాళ్లకు జరిగింది అదే.

చివరగా పాళ్ల గురించి చెప్పాలి. మన వంటల్లో చాలావరకు చేతి పాళ్లు. గుప్పెడు, చారెడు, చిటికెడు. రుచి బాగుంటుంది, కానీ ఆ చెయ్యి ఒక్క మనిషికే ఉంటుంది. ఆ మనిషి రెండో కాన్పుకు పుట్టింటికి వెళ్తే? తణుకు దగ్గర నాకు తెలిసిన ఒకావిడ విషయంలో ఇదే జరిగింది. వెళ్లే ముందు అన్నీ నోట్‌బుక్‌లో రాసి భర్తకు ఇచ్చింది. గోంగూర ఇన్ని సోలలు, ఉప్పు ఇన్ని సోలలు అని. మొదటి విడత పచ్చడి తిన్నవాళ్లంతా ఉప్పెక్కువైందని ఫోన్లు చేశారు. ఆయన పుస్తకంలో ఉన్నట్టే వేశాడు, రవ్వంత కూడా తేడా లేదు. ఆవిడ పురిటి మంచం మీద నుంచి వీడియో కాల్ చేసి, ఆ సోల తెమ్మంది, ఉప్పు డబ్బా తెమ్మంది. చూస్తే ఆయన వేసింది మెత్తటి ప్యాకెట్ ఉప్పు. ఆవిడ కొలిచేది కల్లుప్పు. సోలెడు కల్లుప్పులో గళ్ల మధ్య ఖాళీ ఉంటుంది, సోలెడు మెత్తటి ఉప్పులో ఉండదు, అందుకని బరువు ఎక్కువ తూగుతుంది. ఆ రోజే ఇద్దరూ కూర్చుని, ఆమె అక్కడ బిడ్డకు పాలిస్తూ, ఆయన ఇక్కడ ఎలక్ట్రానిక్ కాటా ముందు పెట్టుకుని, పుస్తకంలో ఉన్న సోలలూ గిద్దెలూ అన్నీ గ్రాముల్లోకి మార్చారు. ఆవిడ అయిదో నెలలో తిరిగి వచ్చేదాకా ఆ ఇంటి గోంగూర ఆ అంకెల మీదే నడిచింది. ఇప్పుడు ఆదివారాలు ఆయనే పచ్చడి కలుపుతాడు, ఆవిడ పిల్లలిద్దరినీ తీసుకుని అమ్మగారింటికి వెళ్లి వస్తుంది.